సారీ, స్మార్ట్, ఫౌల్: నొప్పికీ కుళ్ళుకీ పాత ఇంగ్లిష్ మాటలు – తరచుగా అడిగే ప్రశ్నలు

సారీ, స్మార్ట్, పెనాల్టీ, ఫౌల్, క్విక్. ఇంగ్లిష్ రాదనేవాళ్ళు కూడా రోజూ వాడే మాటలివి. ఒక్కోదాన్ని కాస్త గోకి చూస్తే లోపల పుండో, చీమో, పచ్చి మాంసమో బయటపడుతుంది. నాకు ఈ మాటల పిచ్చి పట్టి చాలా ఏళ్ళయింది. తెలిసినవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలను, నేను చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. పాత ఇంగ్లిష్ ఉచ్చారణను తెలుగు అక్షరాల్లో రాశాను కాబట్టి అది దగ్గరి పోలికే అనుకోండి.

పాత ఇంగ్లిష్ అంటే షేక్‌స్పియర్ ఇంగ్లిషేనా?

కాదు. షేక్‌స్పియర్ (1564–1616) రాసింది ఆధునిక ఇంగ్లిష్ తొలి దశ. పాత ఇంగ్లిష్ అంటే ఆంగ్లులు, శాక్సన్లు, జూట్లు అనే జర్మానిక్ తెగలు 5వ శతాబ్దంలో బ్రిటన్‌కు తెచ్చుకుని, దాదాపు 1100 దాకా మాట్లాడిన భాష. ఈనాటి లండన్ మనిషి చేతిలో ఆ రాత పెడితే ఒక్క వాక్యం కూడా అర్థం కాదు. నన్నయకి ముందటి శాసనాలు చూసి మనం తెల్లమొహం వేసినట్టే, ఇంకా ఎక్కువగా వేస్తాడు.

ఆ భాష మీద రెండు వరదలు పడ్డాయి. మొదట 9వ శతాబ్దం నుంచి డెన్మార్క్, నార్వేల వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ వైకింగుల భాష, అంటే పాత నార్స్. తర్వాత 1066లో నార్మన్ల గెలుపుతో వచ్చిన ఫ్రెంచి, దాని వెనకే లాటిన్. నొప్పి మాటల్లో ఈ మూడు పొరలూ స్పష్టంగా కనిపిస్తాయి. సోర్, ఏక్ (హెడేక్‌లో ఉన్న ఏక్), స్మార్ట్ ఇంట్లో పుట్టినవి. ఇల్, యాంగర్, రాటెన్ వైకింగులవి. పెయిన్, యాంగ్విష్, డిసీజ్, డికే ఫ్రెంచివాళ్ళ దారిలో వచ్చాయి.

మనకీ ఇలాంటి పొరలున్నాయి. నొప్పి, పోటు, సలుపు, తీపు, మంట అచ్చ తెలుగు. బాధ, వేదన, వ్యథ, యాతన సంస్కృతం. కాలు బెణికితే ఎవరూ "వ్యథగా ఉంది" అనరు కదా. ఇంగ్లిష్‌లోనూ అంతే, ఒంటికి దగ్గరగా ఉన్నవి పాత మాటలు, కాస్త దూరంగా నిలబడి మాట్లాడేవి తర్వాత వచ్చినవి.

మరి నొప్పికి వాళ్ళు ఏమనేవారు?

ఎక్కువగా వాడిన మాట "సార్". నొప్పి, పుండు, దుఃఖం, అన్నిటికీ అదే. ఈనాటి సోర్ దాని వారసుడు. మన ఆఫీసుల్లో వినపడే సార్‌తో దీనికి సంబంధం లేదు. ఆ సార్ లాటిన్ "సీనియర్" నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది.

ఈ సార్‌కి ఒక చిన్న తోక తగిలిస్తే "సారిగ్" అవుతుంది. నొప్పితో ఉన్నవాడు, నొచ్చుకున్నవాడు అని అర్థం. అదే మన సారీ! ఎదుటివాడికి నొప్పి తగిలిందని ఒప్పుకోవడం కాదు, నాకే నొప్పిగా ఉంది అని చెప్పడం. తెలుగులో "నొచ్చుకున్నాను" అనే మాట సరిగ్గా ఇదే పని చేస్తుంది. బస్సులో కాలు తొక్కి, తల కూడా తిప్పకుండా "సారీ" విసిరేసి వెళ్ళేవాణ్ణి చూసినప్పుడల్లా నాకు ఈ సారిగ్ గుర్తొస్తుంది.

జర్మన్‌లో ఇదే మాట ఇంకో దారి పట్టింది. అక్కడ "జేర్" అంటే ఇప్పుడు "చాలా" అని అర్థం, అంతే. నొప్పి మొత్తం ఆవిరైపోయి మోతాదు మిగిలింది. ఇంగ్లిష్‌లోనూ ఆ ఛాయ ఉంది. 1611 నాటి బైబిల్ అనువాదంలో గొర్రెల కాపరులు "సోర్ అఫ్రెయిడ్" అయ్యారు, అంటే విపరీతంగా భయపడ్డారు. మనం "చచ్చేంత ఇష్టం" అన్నప్పుడు ఎవరూ చావరు, అలాంటిదే ఇదీ.

సారీ, సారో ఒకే మాట నుంచి వచ్చాయి కదా?

అందరూ అలాగే అనుకుంటారు. నేనూ చాలాకాలం అనుకున్నాను. కాదు. సారో పాత ఇంగ్లిష్ "సొర్గ్" నుంచి వచ్చింది, దాని అసలు అర్థం దిగులు, చింత. జర్మన్‌లో "జోర్గె" అంటే ఇప్పటికీ అదే. సారీ మాత్రం పుండు వైపు నుంచి వచ్చింది. రెండూ వందల ఏళ్ళు పక్కపక్కనే బతకడంతో ఒకదాని పోలిక మరొకదానికి వచ్చింది.

ఏక్‌కి ఆ స్పెల్లింగ్ ఎందుకు? క పలుకుతాం, చ రాస్తాం.

ఈ స్పెల్లింగ్ దగ్గర పిల్లలు తడబడితే తప్పు వాళ్ళది కాదు, ఒక నిఘంటుకారుడిది.

పాత ఇంగ్లిష్‌లో క్రియ "అకన్", నామవాచకం "అచె". అంటే "నొప్పెట్టడం" అనేటప్పుడు క, "నొప్పి" అనేటప్పుడు చ. స్పీక్, స్పీచ్ అనే జంటలో ఈనాటికీ ఇదే తేడా ఉంది. షేక్‌స్పియర్ కాలానికి నామవాచకాన్ని "ఎయిచ్" అని పలికేవారు, అంటే హెచ్ అక్షరం పేరులాగే. "మచ్ అడో అబౌట్ నథింగ్" నాటకంలో బియాట్రిస్ ఒంట్లో బాగోలేదని నిట్టూరుస్తుంది. దేనికోసం ఆ నిట్టూర్పు, డేగ కోసమా, గుర్రం కోసమా, మొగుడి కోసమా అని పనిమనిషి అడుగుతుంది. ఇంగ్లిష్‌లో ఆ మూడూ హెచ్‌తోనే మొదలవుతాయి. "ఆ మూడింటికీ మొదటి అక్షరం కోసం" అని బియాట్రిస్ జవాబు. హెచ్ కోసం అన్నా, నొప్పి వల్ల అన్నా ఒకటే. ఉచ్చారణ మారాక ఈ జోకు చచ్చిపోయింది. ఇప్పుడు అడుగున నోట్సు పెట్టి వివరిస్తున్నారు, వివరించాల్సి వచ్చిన జోకు గతి తెలిసిందే.

తర్వాత రెండూ క ఉచ్చారణలో కలిసిపోయాయి. అప్పుడు క్రియకున్న "కే" స్పెల్లింగే నిలవాలి. కానీ 1755లో తన నిఘంటువు తెచ్చిన శామ్యూల్ జాన్సన్ ఈ మాట గ్రీకు "అఖోస్" నుంచి వచ్చిందని పొరబడ్డాడు. గ్రీకు మాటకి సీ-హెచ్ ఉండాలి కాబట్టి అదే ఖాయమైంది. మహా పండితుడి పొరపాటు, రెండున్నర శతాబ్దాలకు పైగా బడిపిల్లల డిక్టేషన్‌లో మార్కులు పోగొడుతోంది.

అర్థం వరకు ఏక్ అంటే ఉండుండి పొడిచే నొప్పి కాదు, అలా సాగుతూ ఉండేది. "కాళ్ళు పీకుతున్నాయి", "నడుం లాగుతోంది", పెద్దవాళ్ళ మాటలో "తీపులు" అనేవి దీనికి దగ్గర.

అయితే పెయిన్ ఎక్కడిది?

కోర్టు నుంచి వచ్చింది. గ్రీకులో "పొయినే" అంటే హత్యకు పరిహారంగా చెల్లించే సొమ్ము. లాటిన్‌లో అది "పొయెనా" అయి శిక్ష, జరిమానా అనే అర్థం తెచ్చుకుంది. ఫ్రెంచిలో "పెయిన" అయి, 1300 ప్రాంతంలో ఇంగ్లిష్‌లో దిగింది. మొదట అర్థం శిక్షే. శిక్ష అంటే ఒంటికి తగిలేదే కాబట్టి మెల్లగా శిక్ష వల్ల కలిగేదానికి, ఆ తర్వాత ఏ నొప్పికైనా ఆ పేరే స్థిరపడింది. చట్టాల భాషలో "ఆన్ పెయిన్ ఆఫ్ డెత్" అన్నప్పుడు మాత్రం పాత శిక్షే ఇంకా మాట్లాడుతుంది. సబ్‌పీనా అంటే "శిక్షకు లోబడి" అని.

కాబట్టి కరెంటు బిల్లు గడువు దాటితే పడే పెనాల్టీ, నడుం పట్టేస్తే వచ్చే పెయిన్ అన్నదమ్ముల పిల్లలు. మనకూ ఇలాంటిదొకటుంది. యాతనకి సంస్కృతంలో బదులు తీర్చడం, ప్రతీకారం అనే అర్థాలున్నాయి, ఆ తర్వాతే యముడు పెట్టే నరకయాతన. అంటే నొప్పిని ఎవరో వసూలు చేసుకుంటున్న బాకీగా చూసే అలవాటు రెండు చోట్లా ఉంది. "ఏ జన్మలో చేసిన పాపమో" అనే మోకాళ్ళ నొప్పుల ముసలమ్మకి లాటిన్ అక్కర్లేదు, ఆ సంగతి ఆమెకి తెలుసు.

ఇంకో తమాషా. ఇదే లాటిన్ మాట అంతకు చాలా ముందే, క్రైస్తవంతో పాటు ఒకసారి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. అప్పుడు "పీనియన్" అయింది, అంటే హింసించడం. ఈనాడు ఎవరికోసమో బెంగతో కృశించిపోవడాన్ని "పైన్" అంటారు, అది ఇదే. పైన్ చెట్టుకీ దీనికీ చుట్టరికం లేదు. అలాగే ఫ్రెంచివాళ్ళ రొట్టెకి స్పెల్లింగ్ పెయిన్‌దే గానీ దాని మూలం లాటిన్ "పానిస్". పోర్చుగీసువాళ్ళ ద్వారా మనకు పావ్ భాజీలోని పావ్‌గా దక్కింది ఆ పానిసే.

స్మార్ట్‌కి నొప్పితో ఏం పని?

పాత ఇంగ్లిష్ "స్మెయోర్తన్" అంటే చురుక్కుమనడం, భగ్గున మండటం. జర్మన్‌లో నొప్పికి నేటికీ వాడే "ష్మెర్ట్స్" దీని చుట్టమే. మొదట స్మార్ట్ దెబ్బ అంటే మంటపుట్టించే దెబ్బ. తర్వాత స్మార్ట్ మాట అంటే సూటిగా తగిలే మాట. అలాంటి మాట తడుముకోకుండా అనగలిగినవాడు స్మార్ట్. ఆ తర్వాత తెలివైనవాడు, టిప్‌టాప్‌గా బట్టలు వేసుకున్నవాడు, చివరికి జేబులో ఉన్న ఫోను. కంట్లో పొగ పడితే "మై ఐస్ ఆర్ స్మార్టింగ్" అని ఇంగ్లిష్‌లో ఇప్పటికీ అంటారు.

దీన్ని తెలుగులో వివరించడానికి కష్టపడక్కర్లేదు, "చురుకు" ఉంది కదా. ఎండ చురుక్కుమంటుంది, వాత పెడితే చురుక్కుమంటుంది, మాటతో చురక అంటిస్తారు, పిల్ల చురుకైనది అంటారు. ఒంటి మంట నుంచి తెలివి దాకా అదే దారి, అవే మజిలీలు. రెండు భాషలకీ చుట్టరికం లేదు, ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకోనూ లేదు. స్మార్ట్‌ఫోన్‌కి తెలుగు మాట కావాలని కొట్టుకునేవాళ్ళు "చురుకు ఫోను" ఎందుకు అనలేదో నాకు అర్థం కాదు.

యాంగ్విష్, యాంగర్, హ్యాంగ్‌నెయిల్ – వీటిలో ఉన్న "యాంగ్" ఒకటేనా?

ఒకటే, ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన కుటుంబం.

మూలం ఇరుకు. లాటిన్ "అంగుస్తియా" అంటే ఇరుకుదనం, గొంతు బిగుసుకోవడం. ఫ్రెంచి మీదుగా అది యాంగ్విష్, అంటే తీవ్రమైన వేదన అయింది. యాంగర్ వైకింగుల "అంగ్ర్", దానర్థం కోపం కాదు, దుఃఖం, ఇబ్బంది. దుఃఖం కోపంగా మారడం ఇంగ్లిష్‌లోనే జరిగింది. జర్మన్ "ఆంగ్స్ట్" అంటే భయం. వీటన్నిటికీ వేదకాలపు చుట్టం ఒకటుంది, "అంహస్సు". ఇరుకు, ఆపద అని ఋగ్వేదంలోని అర్థం, పాపమనేది తెలుగు నిఘంటువుల్లో కనిపించే అర్థం. "ఊపిరాడట్లేదు", "ఇరుకున పెట్టాడు" అనే మనకు ఈ ఊహ కొత్తేం కాదు. ఇప్పుడు దానికి అందరం టెన్షన్ అంటున్నాం. అదీ లాటినే, సాగదీసి బిగించడం అని అర్థం.

ఇక హ్యాంగ్‌నెయిల్. గోరు పక్కన చర్మం లేచి, ముట్టుకుంటే ప్రాణం పోయినట్టుంటుందే, అది. వేలాడుతున్న గోరు అనుకుని హ్యాంగ్ పెట్టారు గానీ అసలు మాట "అంగ్‌నెయ్ల్". అంగ్ అంటే నొప్పిపెట్టేది. నెయ్ల్ అంటే ఇక్కడ గోరు కూడా కాదు, ఇనప మేకు! కాలి అడుగున మేకు తలలాగా గట్టిపడే ఆనెకాయకు పెట్టిన పేరది. అర్థం మరిచిపోయాక జనం చెవికి తోచినట్టు సర్దుకున్నారు, ఆనెకాయ కాలు వదిలి చేతికి ఎక్కింది.

ఆ చర్మాన్ని పట్టి లాగితే తగిలే పచ్చి చోటుకి ఇంగ్లిష్‌లో పేరు "క్విక్". క్విక్ అంటే మొదట వేగం కాదు, ప్రాణమున్నది అని. పాదరసాన్ని క్విక్‌సిల్వర్ అన్నది అది బతికున్నట్టు కదులుతుందని. మన "జీవ" దీని సొంత చుట్టమే. "కట్ టు ద క్విక్" అంటే జీవం దాకా దిగిన కోత.

పక్కలో పొడిస్తే "స్టిచ్" అంటారు, కుట్టుపని స్టిచ్చేనా?

అదే. కానీ ముందు పోటు, తర్వాత కుట్టు. పాత ఇంగ్లిష్ "స్తిచె" అంటే పొడవడం, పొడిచినట్టు వచ్చే నొప్పి. తెలుగులో "పోటు" చూడండి. కత్తిపోటూ అదే, తలపోటూ అదే.

వాళ్ళు ఆ పోటును నిజంగానే నమ్మారు. "లాక్నుంగా" అనే వెయ్యేళ్ళ నాటి వైద్య సంకలనంలో హఠాత్తుగా వచ్చే పోటుకి ఒక మంత్రం ఉంది. కంటికి కనిపించని శక్తులు గుర్రాలెక్కి వచ్చి ఈటెలు విసిరాయట. "లోపల ఉంటే బయటికి రా, చిన్ని ఈటె!" అని మళ్ళీ మళ్ళీ పిలుస్తారు. దేవతలు వేసినదైనా, ఎల్ఫులనే మాయజీవులు వేసినదైనా, మంత్రగత్తెలు వేసినదైనా సరే, బయటికి రావాల్సిందే. మందు కూడా ఉంది. ఫీవర్‌ఫ్యూ అనే మొక్క, ఎర్ర దురదగొండి రకం ఒకటి, ప్లాంటెయిన్ ఆకు, ఇవన్నీ వెన్నలో మరిగించాలి. ప్లాంటెయిన్ అంటే అరటి అనుకునేరు, ఇది నేలబారున పెరిగే వేరే ఆకు. మన ఊళ్ళలో "గాలి సోకింది" అని వేపమండ పట్టుకునే పెద్దావిడ ఆ పుటలో కూర్చుంటే ఎవరికీ కొత్తగా అనిపించదు.

పేషెంట్, ప్యాషన్ కూడా ఈ జాబితాలోవేనా?

లాటిన్ వైపు నుంచి. రెండింటికీ మూలం "భరించు". పేషెంట్ భరించేవాడు. ప్యాషన్ అంటే మొదట క్రీస్తు సిలువ బాధలు. తెలుగు క్రైస్తవులు దీన్ని "క్రీస్తు శ్రమలు" అంటారు, ఈస్టర్‌కి ముందు వచ్చేది శ్రమల కాలం. శ్రమ అనే మాట ఒకేసారి పనినీ, బాధనూ మోయడం నాకు చాలా అందంగా అనిపిస్తుంది. ఇంగ్లిష్ లేబర్ కూడా అదే చేస్తుంది, ఫ్యాక్టరీలోనూ పురిటి గదిలోనూ. ఫ్రెంచిలో పనికి మాట "త్రవాయ్". అది మూడు కొయ్యలతో చేసిన హింసాసాధనం పేరు నుంచి వచ్చింది. ఇంగ్లిష్ ట్రావెల్ దానికి పుట్టిన బిడ్డే. పండక్కి జనరల్ బోగీలో ఊరికెళ్ళినవాళ్ళకి దీన్ని వివరించనవసరం లేదు.

ఇక కుళ్ళు సంగతి. డికే, రాట్, రాటెన్ మధ్య తేడా ఏమిటి?

డికే ఫ్రెంచి దారిలో వచ్చిన లాటిన్, "కిందకి పడిపోవడం" అని అర్థం. డికడెంట్ దాని తోబుట్టువు. ఆకులు రాల్చే చెట్లను డెసిడ్యువస్ అనేదీ, శవాన్ని కెడావర్ అనేదీ ఆ పడిపోవడం నుంచే. అందుకే డికేకి వాసన లేదు. దూరం నుంచి చూసి చెప్పే మాట అది.

రాట్‌కి వాసన ఉంది. పాత ఇంగ్లిష్ "రొతియన్" నుంచి వచ్చింది. రాటెన్ దాని నుంచే వచ్చిందనిపిస్తుంది గానీ, అది వైకింగుల "రొతిన్". ఒకే ఇంటి మాటలు, ఒకటి ఇంట్లోనే ఉండిపోయింది, ఒకటి పడవలో వచ్చింది. మనం కుళ్ళిన టమాటా దగ్గర ఆగామా? కుళ్ళు జోకు, కుళ్ళుబోతు, కుళ్ళి కుళ్ళి ఏడవడం. ఇంగ్లిష్‌వాళ్ళ రాటెన్ జోకు, రాటెన్ లక్ కూడా అలా బుట్టలోంచి దొర్లినవే.

ఫౌల్ అంటే ఆటలో తప్పు కదా?

మొదట చీము వాసన. పాత ఇంగ్లిష్ "ఫూల్" అంటే కుళ్ళి కంపుకొట్టేది. మూర్ఖుడు అనే ఫూల్ వేరే, అది గాలితిత్తికి ఉన్న లాటిన్ పేరు నుంచి వచ్చింది. ఫౌల్ నుంచే ఫిల్త్ పుట్టింది. కంపు నుంచి మురికికి, మురికి నుంచి అన్యాయానికి వెళ్ళి, చివరికి రిఫరీ విజిల్‌లో తేలింది.

సంస్కృతంలో దీని చుట్టం "పూతి", అంటే దుర్గంధం. తెలుగు గ్రాంథికంలో పూతిగంధం అనే మాట కనిపిస్తుంది. చీముకి ఉన్న "పూయము", ఇంగ్లిష్ డాక్టర్ల పస్, ప్యూట్రిడ్ కూడా ఆ వంశంవే. సంస్కృతంలో ప ఉన్నచోట ఇంగ్లిష్‌లో ఫ రావడం ఒక క్రమం. పితృ–ఫాదర్, పాద–ఫుట్, పూతి–ఫౌల్. ఎక్కడో ఒకచోట కాదు, వరసగా ఇలాగే ఉంటాయి కాబట్టే దీన్ని చుట్టరికం అంటున్నాం.

అంటే తెలుగుకీ ఇంగ్లిష్‌కీ చుట్టరికం ఉన్నట్టేనా?

సంస్కృతానికి ఉంది, తెలుగుకి లేదు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ 1786లో చెప్పాడు. తెలుగు మాత్రం ఆ ఇంటిది కాదని, తమిళ కన్నడాల సరసన వేరే కుటుంబమని మద్రాసులో కలెక్టరుగా ఉన్న ఎఫ్. డబ్ల్యూ. ఎల్లిస్ 1816లో రాశాడు. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలకే ఇంగ్లిష్‌తో బంధుత్వం. నొప్పి, పోటు, సలుపు, పుండు, కుళ్ళు వంటి అచ్చ తెలుగు మాటలకి లేదు.

శబ్దం కలిసిందని రాట్‌కీ పచ్చిరొట్టకీ, సోర్‌కీ సొరకాయకీ ముడిపెట్టే పోస్టులు నా ఫోనుకి వారానికోటి వస్తాయి. పైన చూశారు కదా, ఒకే భాషలో పక్కపక్కన ఉన్న సారీ, సారోలే అన్నదమ్ములు కావు. జాన్సన్ అంతవాడే చెవిని నమ్మి దెబ్బతిన్నాడు.

పుండు, రాచపుండు వంటివాటికి అక్కడ ఏమైనా పోలికలున్నాయా?

మన పాతవాళ్ళు క్యాన్సర్‌నీ, మొండి పుండునీ రాచపుండు అనేవారు. అక్కడ "కింగ్స్ ఈవిల్" ఉంది, అంటే రాజుగారి జబ్బు. అయితే పేర్లు కలిసినా కథ వేరు. మెడ గ్రంథులు వాచి చీముపట్టే క్షయ అది, మన గండమాల. రాజు చేత్తో తాకితే పోతుందని నమ్మేవారు. రెండవ చార్లెస్ తన పాలనలో 90 వేలమందికి పైగా తాకాడని లెక్కలున్నాయి. 1712లో ఆన్ రాణి తాకిన పిల్లల్లో రెండేళ్ళు దాటిన ఒక పసివాడు ఉన్నాడు. ఏక్ స్పెల్లింగ్‌ని పాడుచేసిన ఆ జాన్సనే. జబ్బు తగ్గలేదు, మచ్చలు జీవితాంతం ఉన్నాయి. ఆన్ తర్వాత వచ్చిన మొదటి జార్జి ఈ తంతు మానేశాడు.

పుండు లోపల్లోపల చీముపట్టడాన్ని "ఫెస్టర్" అంటారు. లాటిన్ "ఫిస్టులా" అంటే గొట్టం, పిల్లనగ్రోవి. ఆయుర్వేదం దీన్నే నాడీవ్రణం అంది, నాడి అన్నా గొట్టమే. క్యాంకర్, క్యాన్సర్ రెండూ లాటిన్‌లో పీత.

పన్ను పుచ్చడం మాత్రం ఇక్కడా అక్కడా ఒకటే కథ, పురుగు తింటోందని. "పురుగు తింటుంటే పంటినొప్పికి" అంటూ మొదలయ్యే చిట్కా 10వ శతాబ్దపు "బాల్డ్స్ లీచ్‌బుక్"లో ఉంది.

లీచ్‌బుక్ అంటే జలగల పుస్తకమా?

వైద్యుడి పుస్తకం. "లేచె" అంటే వైద్యుడు. స్వీడన్‌లో డాక్టర్‌ని ఇప్పటికీ "లేకరే" అంటారు. జలగకి వాడే మాట వేరుగా పుట్టి దీనితో కలిసిపోయి ఉండొచ్చు. ఫ్రెంచి ఫిజీషియన్ వచ్చాక వైద్యుడు తప్పుకున్నాడు, జలగ మిగిలింది.

ఆ పుస్తకంలో కంటికురుపుకి ఒక మందు ఉంది. వెల్లుల్లి, ఉల్లి జాతి మొక్క ఇంకోటి, ద్రాక్షసారా, ఎద్దు పిత్తం కలిపి ఇత్తడి పాత్రలో తొమ్మిది రాత్రులు ఉంచాలి. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంవాళ్ళు దాన్ని అచ్చం అలాగే తయారుచేసి, మామూలు యాంటీబయోటిక్‌లకి లొంగని ఎమ్ఆర్ఎస్ఏ బ్యాక్టీరియాను కూడా ల్యాబులో అది చంపుతోందని 2015లో ప్రకటించారు. దయచేసి ఇంట్లో చేసి కంట్లో వేసుకోకండి.

చిన్నచిన్నవి కొన్ని చెప్పండి.

షాబీ: మాసి, చీకిపోయినట్టున్నది. పుండు మీద కట్టే పొక్కు, అంటే స్కాబ్, దాని పాత ఇంగ్లిష్ రూపం నుంచి. ఒకప్పుడు షాబీ మనిషి అంటే గజ్జిపట్టినవాడే.

యాడిల్డ్: బుర్ర పనిచేయనివాడు. "అదెలా" అంటే మురుగు. మురిగిన గుడ్డుకి వాడి, అక్కడి నుంచి తలకాయకి వాడారు.

డ్విండిల్: పాత "ద్వీనన్", అంటే క్షీణించిపోవడం. స్కాట్లండ్ మాటల్లో "డ్వైన్" ఇంకా ఉంది.

అన్‌స్కేత్డ్: గాయం లేకుండా బయటపడ్డవాడు. గాయమనే "స్కేత్" వాడుకలోంచి దాదాపు పోయింది, అది లేకపోవడం మాత్రం మిగిలింది.

వో: దుఃఖం. పాత ఇంగ్లిష్‌లో "వా". పసిపిల్లలందరికీ వచ్చిన భాష.

పూర్తిగా చచ్చిపోయిన మాటలున్నాయా?

చాలా. తలనొప్పికి "హేఆఫొద్‌వెర్క్" అనేవారు. వెర్క్ అంటే నొప్పి, పనికి వాడే వర్క్ కాదు. ఉత్తర ఇంగ్లండ్ పల్లె మాటల్లో "వార్క్"గా కొన్నాళ్ళు కొనఊపిరితో ఉంది. ఐస్‌లాండ్‌లో మాత్రం తలనొప్పి నేటికీ "హోవుద్‌వెర్కుర్".

పోయినవాటిలో నాకు బెంగ ఉన్నది "బ్రొస్నియన్" మీద. గోడలు పెచ్చులూడి, రాళ్ళు సడలి, కొద్దికొద్దిగా రాలిపోవడం. మన "చివికిపోవడం", "శిథిలం కావడం" కలిపితే వచ్చే మాట. పాడుబడ్డ రోమన్ నగరాన్ని చూసి ఒక అజ్ఞాత కవి రాసిన పద్యంలో ఇది వస్తుంది. వేడినీటి స్నానశాలల వర్ణన ఉండటంతో అది ఇంగ్లండ్‌లోని బాత్ నగరమని చాలామంది అభిప్రాయం. "ద రూయిన్" అనే పేరు తర్వాతివాళ్ళు పెట్టింది. మొదటి పాదాల్లోనే "బ్రొస్నథ్ ఎంతా గెవెయోర్క్" అంటాడు, రాక్షసుల కట్టడం రాలిపోతోంది అని. రోమన్లు వెళ్ళిపోయి కొన్ని వందల ఏళ్ళే. అంత పెద్ద రాళ్ళు మనుషులు ఎత్తారంటే ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. ఆదిమకాలపు రాతి సమాధులను తెలంగాణ పల్లెల్లో రాక్షస గుళ్ళు అనేదీ ఆ ఆశ్చర్యంతోనే.

ఆ పద్యానికి ఉన్నది ఒకే ఒక్క ప్రతి, ఎక్సెటర్ కెథీడ్రల్‌లోని 10వ శతాబ్దపు తోలు పుస్తకంలో. బిషప్ లియోఫ్రిక్ 11వ శతాబ్దంలో ఇచ్చాడు. మొదటి పుట మీద ఎవరో కత్తితో కోసిన గాట్లు, ఏదో ఒలికిన మరకలు ఉన్నాయి. చివరి పుటల మీద కాలే కొరివి ఏదో పడింది. ఆ కాలిన బొక్క సరిగ్గా ఈ పద్యం లోంచే పోతుంది. స్నానశాలల్లో వేడినీళ్ళు పారే చోటికి వచ్చేసరికి పాదాలు విరిగిపోతాయి, ఒక మాట ఉంటుంది, పక్కది ఉండదు.